మందుల కంపెనీ, పీసీఆర్ ల్యాబ్, సచివాలయం: రొయ్యల చదువు చదివిన వాళ్లకు ఏది మేలు?

ముత్తుకూరు మత్స్య కళాశాలలోనో, మరోచోటో చదువు ముగించిన పిల్లలకు మన నెల్లూరు తీరంలో ప్రధానంగా మూడు దారులున్నాయి. మేత, మందుల కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్ ఉద్యోగం. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలకు, రైతులకు సీడ్‌లో (అంటే ఆ పిల్లల్లో) జబ్బులున్నాయేమో జన్యు పరీక్షతో చూసే పీసీఆర్ ల్యాబ్. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక గ్రామ మత్స్య సహాయకుడి ఉద్యోగం. ఎక్కువమంది జీతం ఎంత, పెట్రోలు ఇస్తారా అని చూసి తేల్చుకుంటారు. అవి చూడాల్సినవే. కానీ చేరాక మనం ఎలా నడుచుకుంటామన్నది మనకు అన్నిటికన్నా ఏది ముఖ్యమో దాన్నిబట్టే ఉంటుంది.

సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త షాలోమ్ ష్వార్ట్జ్ 1992లో మనుషుల విలువలను 10 రకాలుగా విడగొట్టి ఒక వలయంలో అమర్చారు. పక్కపక్కన ఉన్నవి ఒకదానికొకటి పొసుగుతాయి, ఎదురెదురుగా ఉన్నవి మనిషిని చెరో వైపు లాగుతాయి. సాధించాలనే తపనకు ఎదురుగా తోటివాళ్ల మేలు కోరడం ఉంటుంది. భద్రతకు ఎదురుగా సొంత ఆలోచనతో నడవాలనే కోరిక ఉంటుంది. ఈ లాగుడు మన రొయ్యల గుంటల గట్ల మీద బాగా కనిపిస్తుంది.

విడవలూరు, ఇందుకూరుపేట వైపు ఫీల్డ్ టెక్నీషియన్ ఉదయాన్నే గుంట దగ్గరికి వెళ్తాడు. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేను రైతు పైకి లాగుతాడు. మేత సగం అలాగే ఉంది. చేతిలోకి తీసుకున్న రొయ్య పేగు తెల్లగా ఉంది, వయసుకు తగ్గ సైజు లేదు. చూడగానే ఈహెచ్‌పీ అనే, ఎదుగుదలను దెబ్బతీసే జబ్బు అనుమానం వస్తుంది. "అబ్బయా, ఏదన్నా మంచి మందు రాసియ్యి" అంటాడు రైతు. ఈహెచ్‌పీ పట్టాక దాన్ని కచ్చితంగా నయం చేసే మందు లేదు. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బుకూ లేదు. కానీ టెక్నీషియన్ సంచిలో డబ్బాలున్నాయి, నెలాఖరు దగ్గర పడింది, టార్గెట్ మిగిలుంది.

సాధనే ముఖ్యమనుకునే మనిషి ఇక్కడ డబ్బా అమ్ముతాడు, అమ్మానన్న తృప్తితోనే ఇంటికి పోతాడు. తోటివాళ్ల మేలు ముందు చూసే మనిషి "ముందు ల్యాబ్‌లో చూపిద్దాం, మేత తగ్గించు, ఆ తర్వాత పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే) సంగతి ఆలోచిద్దాం" అంటాడు. సాయంత్రం మేనేజరు చేత మాటలు పడతాడు. ఇలా కొన్ని నెలలు గడిస్తే వాడికి టెన్షన్ తప్ప నిద్ర ఉండదు. మొదటివాణ్ణి నేను సమర్థించను. అప్పు తెచ్చి మేత వేసిన రైతుకు పనికిరాని మందు అంటగట్టడం చురుకుదనం కాదు, మోసం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటి నిషేధిత మందుల విషయంలోనైతే మరీ ఘోరం. వాటి అవశేషాలు దొరికితే విదేశాలకు వెళ్లిన సరుకు వెనక్కి వస్తుంది.

అలాగని ఫీల్డ్ ఉద్యోగమే చెడ్డదని కాదు. పదిమందితో కలిసిపోయేవాళ్లకు ఇంత నేర్పే పని ఇంకోటి లేదు. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న అడగండి: "ఈ గుంటకు మందు అక్కర్లేదని చెప్పి వచ్చిన టెక్నీషియన్‌ను మీరు ఏం చేస్తారు?" జవాబు చెప్పడానికి నీళ్లు నమిలితే ఆ కంపెనీ వద్దు.

ల్యాబ్‌లో ఒత్తిడి వేరు. చిన్న గది, పిపెట్, రోజంతా శాంపిళ్లు. మనుషులు లేకపోతే ఊపిరాడని వాళ్లు అక్కడ ఆరు నెలలు కూడా నిలవరు. సీడ్ బ్యాచ్ పాజిటివ్ వస్తే హేచరీ ఓనరుకు లక్షల రొయ్య పిల్లలు పారబోయాల్సిన పరిస్థితి. "ఇంకోసారి వేసి చూడు" అని ఫోన్ వస్తుంది. ఇంకోసారి వేయడం తప్పు కాదు. వచ్చింది వచ్చినట్టు రాయకపోవడం తప్పు. మాట మీద నిలబడేవాడికి, ఓపికున్నవాడికి ఇదే సరైన చోటు. జీతం మొదట్లో తక్కువ కావచ్చు, చేతికి వచ్చే విద్య మాత్రం ఎక్కడికి పోయినా పనికొస్తుంది.

సచివాలయం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఇంటి బాధ్యతలున్నవాళ్లకు, భద్రత కోరుకునేవాళ్లకు మంచిదే. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా సర్వేలు, రికార్డులు ఎక్కువ. కొత్తది చేసి చూడాలనే ఆరాటం ఉన్న పిల్లవాణ్ణి ఇంట్లోవాళ్లు బలవంతంగా అక్కడ కూర్చోబెడితే వాడు పనిమీద విసుగు పెంచుకుంటాడు. ఆ విసుగు చివరికి కౌంటర్ ముందు నిలబడ్డ రైతు మీదే పడుతుంది.

నన్నడిగితే, ఎటూ తేల్చుకోలేనివాళ్లు ముందు ల్యాబ్‌లో చేరడం మేలు. రెండేళ్లు జబ్బులను రిపోర్టుల్లో చూసి ఆ తర్వాత ఫీల్డ్‌కు వెళితే, "దీనికి మందు లేదు రెడ్డిగారూ, డబ్బు దండగ చేసుకోవద్దు" అని చెప్పడానికి కావాల్సిన తెలివీ ధైర్యమూ రెండూ ఉంటాయి. అలాంటి టెక్నీషియన్‌ను రైతు వదులుకోడు, పక్క గుంటవాళ్లకూ వాడి నంబరే ఇస్తాడు.