బ్యాటరీ పీకినా మోగే 'యాక్టివ్' పికప్ నా దగ్గరుంది, వచ్చి చూసిపోండి

ఒంగోల్లో సెకండ్‌హ్యాండ్ గిటార్ సామాన్లు అమ్మే అన్న ఎవరో మీకు తెలుసు, పేరు చెప్పను. మెటల్ వాయించాలంటే గిటార్ బ్రిడ్జి (తీగలు ఆనుకునే కింది చివర) దగ్గర ఈఎంజీ 81 ఉండాలని నా పిచ్చి. తీగల కదలికను ఆంప్‌కి పోయే సిగ్నల్‌గా మార్చేది పికప్, ఈఎంజీ 81 బ్యాటరీతో నడిచే 'యాక్టివ్' రకం. ఆంప్‌లో గెయిన్ (సౌండు పగిలేలా చేసే మీట) ఎంత పెంచినా గుయ్యిమనదు, పామ్ మ్యూట్ (అరచేయి తీగల మీద ఆనించి) కొడితే కత్తిలా తెగుతుంది. నాలుగున్నర వేలకే ఇస్తానన్నాడు. నా పాత హంబకర్ (రెండు కాయిళ్ళ పికప్) కూడా ఎక్స్చేంజ్‌లో తీసుకున్నాడు. కావలి నుంచి రైలెక్కి మరీ పోయి ఇచ్చొచ్చా. తెలివైనోణ్ణి కదా!

నిన్న రాత్రి డ్రాప్ డీలో (లావు తీగ శ్రుతి తగ్గించి) రిఫ్ వాయిస్తుంటే అంతా బురద బురదగా వస్తోంది. 9 వోల్టుల బ్యాటరీ వీకైందేమో, మారుద్దామని పీకా. కొత్తది పెట్టకముందే అలవాటుగా తీగ మీద పిక్ వేశా.

మోగింది.

ఆంప్ వంక చూశా, చేతిలో బ్యాటరీ వంక చూశా. మళ్ళీ కొట్టా. శుభ్రంగా మోగింది. అసలు ఈఎంజీ లోపల సిగ్నల్ పెంచే ప్రీఆంప్ నడిచేదే బ్యాటరీ మీద. అది లేకపోతే నోరు పెగలకూడదు. వెనక మూత విప్పితే, బ్యాటరీ క్లిప్ నుంచి వచ్చే ఎర్ర వైరు ప్లాస్టిక్ తొడుగు లోపలే కత్తిరించి ఉంది. ఎక్కడికీ పోలేదు, ఊరికే అలంకారం! వారం రోజులు నేను ఆ క్లిప్‌కి బ్యాటరీ తగిలించి మురిసిపోయా.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "ఏంది అబ్బయా, సౌండు వస్తోందా లేదా? బ్యాటరీ ఖర్చు కూడా మిగిలిందిగా, ఇంకేం కావాలి నీకు?" అని నవ్వాడు. నవ్వాడండీ! వెనక ఇంకెవరో కూడా నవ్వారు. డబ్బులు పోయినందుకు కాదు, ఆ నవ్వుకే నాకు నిద్ర పట్టలేదు.

తప్పు నాది కూడా. వాడిచ్చిన పాట్స్ (వాల్యూమ్, టోన్ మీటలు) మీద 500కె (కిలో ఓమ్‌లు) అని రాసుంది. ఈఎంజీ యాక్టివ్‌కి వేసేవి 25కె. ఆ సంగతి నాకు ముందే తెలుసు, చదివా కూడా. బిగించేటప్పుడు కళ్ళు ఎక్కడ పెట్టానో!

ఈఎంజీ యాక్టివ్ కొనేవాళ్ళు అక్కడే గిటార్‌కి బిగించి, బ్యాటరీ తీసేసి వాయించమనండి. మోగిందా, లేచి వచ్చేయండి.

ఇంకోటి. పొద్దున వాడి స్టేటస్‌లో నా పాత హంబకర్ కనిపించింది. 'ఇంపోర్టెడ్, మెటల్ స్పెషల్' అంట. అంచు మీద స్క్రూడ్రైవర్ జారి గీసుకున్న గీత నాదే.