బడంటే భయపడే పిల్లలకు ఏది మేలు: మాన్పించడమా, బలవంతంగా పంపడమా, మెల్లగా అలవాటు చేయడమా?

సెలవులు అయిపోవస్తున్నాయంటే మా పాపకు పొద్దున్నే కడుపునొప్పి మొదలయ్యేది. కొత్త తరగతి, కొత్త టీచర్, పక్కన కూర్చునే నేస్తం వేరే సెక్షన్‌కి మారిపోయింది. బడి తెరిచిన రోజు ఒక కాలికి షూ వేసుకుని, రెండోది ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుండిపోయింది. ఆ నొప్పి నాటకం కాదు. టెన్షన్ పడితే కడుపులో నిజంగానే తిప్పుతుంది.

"సరే, ఈ రోజుకి మానెయ్" అంటే ఇల్లు వెంటనే చల్లబడుతుంది. కాసేపటికే పిల్ల ఆటల్లో పడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. మానేస్తే భయం పోతుందని ఆ చిన్న బుర్రకు అర్థమైపోతుంది, మర్నాడు గడప దాటడం ఇంకా కష్టమవుతుంది. జ్వరమో వాంతులో ఉంటే తప్ప నేను మాన్పించను.

ఏడుస్తున్నా దింపేసి వస్తే కొందరు రెండు రోజుల్లో సర్దుకుంటారు, కాదనను. బాగా బెంగపడే పిల్లలకు అది పనిచేయదు. చెప్పకుండా జారుకోవడం మరీ చెడ్డది. ఒకసారి అలా చేశాను, వారం రోజులు ఇంట్లో కూడా నా వెనకే తిరిగింది.

నా ఓటు మూడోదానికే. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడి గురించి రాశారు. వాడు ఇష్టమైనది తింటుంటే కుందేలును కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చేవారు. చివరికి వాడే దాన్ని నిమిరాడు. బడికీ అదే దారి. తెరవడానికి వారం ముందు బడి గేటు దాకా నడిచి రావాలి, మరో రోజు లోపలికి, ఆ తర్వాత తరగతి గదికి. అలా తిరుగుతుంటేనే మా పాప "బాత్రూం ఎక్కడో నాకు తెలీదు కదా" అంది. అన్నాళ్ల భయం వెనక ఉన్నది అదీ! రాత్రి కూడా రోజుకు పావుగంట చొప్పున తొందరగా పడుకోబెడుతూ రావాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి.

మాట కూడా ముఖ్యమే. "ఏం కాదులే" అంటే పిల్ల నమ్మదు. "భయంగా ఉందని తెలుసమ్మా, అయినా నువ్వు వెళ్లగలవు" అంటే వింటుంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలి లెబోవిట్జ్ బృందం తల్లిదండ్రులకు మాత్రమే ఇలాంటి తీరు నేర్పి చూసింది. పిల్లలకు నేరుగా ఇచ్చే థెరపీతో సమానంగా అది పనిచేసిందని 2020లో ప్రచురించింది. గేటు దగ్గర ఒక్కసారి దగ్గరికి తీసుకుని, "బడి వదిలేసరికి ఇక్కడే ఉంటా" అని చెప్పి కదలాలి. అన్నట్టే ఉండాలి, ఐదు నిమిషాలు కూడా ఆలస్యం కాకూడదు.

నాలుగు వారాలైనా బెంగ తగ్గకపోతే పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారనో కొడుతున్నారనో తెలిస్తే మాత్రం ఈ అలవాటు చేయడాలన్నీ పక్కన పెట్టి, ముందు టీచర్‌తో మాట్లాడి దాన్ని ఆపించండి.