బోరు నీళ్ళలో రాడాన్ చూసే కిట్: ల్యాబ్ సూపర్, కాగితం వేస్ట్

ముందే చెప్తున్నా, కొలిచే పనిలో వంక పెట్టడానికి ఏం లేదు, నా గొడవంతా బాక్సులో వచ్చిన ఆ చిన్న కాగితం మీదే. 40 మిల్లీలీటర్ల గాజు సీసా, టెఫ్లాన్ లైనింగ్ ఉన్న మూత, ఓ ఫారం, అంతే. గాజే ఎందుకంటే రాడాన్ అంటే రేడియోధార్మిక గ్యాసు కదా, మామూలు ప్లాస్టిక్ బాటిల్లోంచి మెల్లగా జారిపోతుంది.

కాగితంలో "సీసా నిండా నింపండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నేనూ కుళాయి కింద పెట్టి గలగలా నింపేశా, మూత బిగించి తిప్పి చూస్తే శనగగింజంత బుడగ పైకి తేలింది, పోన్లే అని పంపించేశా. లీటరుకి 52 బెక్వెరల్స్ (రేడియోధార్మికత కొలిచే యూనిట్) అని వచ్చింది. ఎందుకో నమ్మకం కుదరక ఇంకో కిట్ తెప్పించా. ఈసారి కుళాయి మూతికున్న జల్లెడ పీకేసి, పది నిమిషాలు నీళ్ళు వదిలి, పైపు చివర గిన్నె అడుక్కి ఆనించి, నీళ్ళు పొర్లుతుండగా సీసాని ముంచి లోపలే మూత బిగించా, ఒక్క బుడగ లేదు. రిజల్ట్ 87! మొదటిసారి గలగలా పోసినప్పుడు గాల్లోకీ, ఆ బుడగలోకీ గ్యాసు జారిపోయిందన్నమాట. అదే బోరు, అదే వారం. యూరోపియన్ యూనియన్ పెట్టుకున్న గీత 100, అంటే 52 చూసి హాయిగా పడుకునేవాణ్ణి, 87 చూశాక నిద్ర పట్టలేదు. తాగడం కంటే స్నానం చేసేటప్పుడు గాల్లోకి లేచేదాన్ని పీల్చడమే అసలు బెడద మరి.

ల్యాబ్‌లో నీళ్ళని సింటిలేషన్ ద్రవంతో (రేడియేషన్ తగిలితే మిణుకుమనే ద్రవం) కలిపి, మూడు గంటలు పక్కన పెట్టి, వచ్చే మిణుకుల్ని మెషీన్ లెక్కపెడుతుంది. రాడాన్ 3.8 రోజులకి సగమైపోతుంది కాబట్టి శాంపిల్ పట్టిన టైం బట్టి వెనక్కి లెక్కేస్తారు, ఫారంలో ఆ గడి మాత్రం ఖాళీగా వదలొద్దు. నాది కొరియర్‌లో మూడు రోజులు తిరిగింది, అయినా లెక్క సరిగ్గానే వేశారు. ఎలా తెలిసిందంటే, ఫ్రెండ్ దగ్గరున్న పోర్టబుల్ మెషీన్‌తో కూడా చూశాం, 250 మిల్లీలీటర్ల సీసాలో గాలి బుడగలు కొట్టించి గ్యాసుని బయటికి లాగి కొలుస్తుంది, అరగంటలో 84 చూపించింది. పోస్టు గోల లేదు కానీ ఒక్క ఇంటి కోసం అంత మెషీన్ ఎవరు కొంటారు.

ల్యాబ్‌కి ఐదు స్టార్లు, కాగితానికి ఒకటి, మొత్తం మూడు. కాగితం మార్చమని మెయిల్ పెడితే "మీ సూచనకి థాంక్స్" అన్నారు. మొన్న మా తమ్ముడు తెప్పించుకున్న బాక్సులో మళ్ళీ అదే ముక్క.