నేపాలా, శ్రీలంకా? పది రోజుల మిషన్ ట్రిప్‌కి మన వైపు సంఘాలకు ఏది మేలు

క్రిస్మస్, కొత్త సంవత్సరం కూడికల హడావిడి అయిపోగానే ఒంగోలు, కందుకూరు వైపు యూత్‌లో ప్రతి ఏడాదీ ఒకటే ప్రశ్న. "అన్నా, ఈసారి బయట దేశానికి పోదామనుకుంటున్నాం. నేపాల్ మేలా, శ్రీలంక మేలా?" నెల్లూరు నుంచి ఫోన్ చేసేవాళ్ళూ ఇదే అడుగుతున్నారు. నేను రెండూ వెళ్ళొచ్చాను. నాలుగేళ్ళ క్రితం ఎనిమిది మందిమి నేపాల్, పోయిన ఏడాది తొమ్మిది మందిమి శ్రీలంక. ఫోన్‌లో అడిగిన ప్రతి ఒక్కరికీ సగం సగం చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. నేపాల్‌కి మనకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్ట్ లేకపోయినా ఓటరు కార్డు ఉంటే చాలు. విమానంలో పోయేవాళ్ళలో 15 నుంచి 65 ఏళ్ళ మధ్య వాళ్ళకు ఆధార్ ఒక్కటే పనికిరాదు, అది చూసుకోండి. రైల్లో పోయేవాళ్ళు బీహార్‌లో రక్సౌల్ దాకా పోయి, సరిహద్దు దాటి బీర్‌గంజ్‌లో బస్సు ఎక్కొచ్చు. మన రూపాయికి అక్కడ 1.60 నేపాలీ రూపాయలు. 1993 నుంచి అదే రేటు కాబట్టి లెక్కలు తేలిక. శ్రీలంకకు పాస్‌పోర్ట్ తప్పనిసరి, దాంతోపాటు ఆన్‌లైన్‌లో ఈటీఏ, అంటే ముందస్తు ప్రయాణ అనుమతి, తీసుకోవాలి. మా టీమ్‌లో ఇద్దరికి పాస్‌పోర్ట్ లేక ట్రిప్ మూడు నెలలు వెనక్కి జరిగింది. ఆ తర్వాత ప్రయాణం మాత్రం సుఖం. రాత్రి ఒంగోలులో రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై, అక్కడి నుంచి గంటన్నర లోపే కొలంబో. నేపాల్‌కి రైల్లో పోతే డబ్బు మిగులుతుంది గానీ, పది రోజుల సెలవులో రానూపోనూ నాలుగైదు రోజులు రైలుకీ బస్సుకే పోతాయి. ఉద్యోగాలు చేసుకునే పిల్లలకు అది చిన్న విషయం కాదు.

ఇక చట్టం. దీని గురించి చాలామంది పైపైన మాట్లాడతారు. నేపాల్ 2015 రాజ్యాంగంలో 26వ అధికరణ, ఒకరిని ఒక మతం నుంచి ఇంకో మతానికి మార్చడాన్ని నిషేధిస్తుంది. 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన క్రిమినల్ కోడ్ 158వ సెక్షన్ కింద దానికి 5 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష పూర్తయిన 7 రోజుల్లో దేశం దాటిస్తారు. "దేవుడున్నాడు, ఏం కాదన్నా" అని పిల్లలు ధైర్యంగా అంటారు. మనకు ఏం కాకపోవచ్చు. పదకొండో రోజు మనం ఒంగోలు బస్టాండ్‌లో దిగుతాం. ఎవరైనా ఫిర్యాదు చేస్తే స్టేషన్ చుట్టూ తిరిగేది మనల్ని ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టిన అక్కడి పాస్టర్‌గారు, ఆయన భార్యాపిల్లలు. కాబట్టి నేపాల్ పోతే అక్కడి సంఘం ఏం చేయమంటే అదే చేయాలి. కరపత్రం ఒక్కటి కూడా బ్యాగులో వేసుకోకూడదు.

శ్రీలంకలో అలాంటి దేశవ్యాప్త చట్టం లేదు. 2004లో ఒక బిల్లు వచ్చింది గానీ చట్టం కాలేదు. అలాగని అంతా సాఫీ అనుకోవద్దు. రాజ్యాంగం 9వ అధికరణ బౌద్ధానికి అగ్రస్థానం ఇచ్చింది. పల్లెల్లో చిన్న సంఘాలకు ఎదురుగాలి ఉంది. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ ఆదివారం బాంబు దాడుల్లో 250 మందికి పైగా చనిపోయారు. తూర్పు తీరంలో మట్టకళప్పు (బట్టికలోవా) ఊరి జియోను సంఘంలో చనిపోయినవాళ్ళలో చాలామంది పిల్లలు. మేము వెళ్ళిన ఒక చర్చిలో గేటు దగ్గర ఒక పెద్దాయన మా బ్యాగులన్నీ తెరిచి చూశాడు. చూస్తున్నంతసేపూ "మన్నించండి" అని తమిళంలో అంటూనే ఉన్నాడు. ఇంకో మాట. టూరిస్ట్ ఈటీఏ మీద పోయి సభలు పెట్టి ప్రసంగాలు చేయకూడదు. మన దేశానికి టూరిస్ట్ వీసా మీద వచ్చే విదేశీయులకూ ఇదే నియమం. ఒక ట్రావెల్ ఏజెంట్ మాతో "ఎవరూ అడగరు, మైకు పెట్టుకోండి" అన్నాడు. అబద్ధంతో మొదలయ్యే సువార్త పని మాకు వద్దనుకున్నాం. సభల్లేవు, స్టేజీ లేదు. విశ్వాసుల ఇళ్ళకు పోయాం, వాళ్ళతో కూర్చున్నాం, వాళ్ళ కూడికల్లో వెనక వరసలో ఉన్నాం.

ఇంతవరకూ చూస్తే రెండూ అటూ ఇటూగా సమానమే. నా లెక్కలో తేల్చేది వేరే ఉంది. అది భాష.

నేపాల్‌లో మేము కాఠ్మండూకి పడమటనున్న ధాదింగ్ జిల్లాలో ఒక కొండ ఊరికి పోయాం. శనివారం ఉదయం ఆరాధన. అక్కడ వారపు సెలవు శనివారం కాబట్టి సంఘాలన్నీ ఆ రోజే కూడుకుంటాయి. చెప్పులు బయట వదిలి చాపల మీద ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. మా ఊరి సంఘం లాగే ఉందనిపించింది. కూడిక అయ్యాక ఒక ముసలమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. పది నిమిషాలు మాట్లాడింది. మధ్యలో చెయ్యి వదిలి, ఎదురుగా ఉన్న వాలు వైపు చూపించి, మళ్ళీ పట్టుకుంది. ఆమెది తమాంగ్ భాష. ఒక పిల్లవాడు దాన్ని నేపాలీలోకి మార్చాడు, ఇంకో తమ్ముడు నేపాలీ నుంచి ఇంగ్లీషులోకి. నా దగ్గరికి వచ్చేసరికి మిగిలింది ఒక్క ముక్క: "ప్రార్థన చేయమంటోంది."

"ఇంకా ఏమందమ్మా?" అని అడిగాను. ఇద్దరూ కాసేపు మాట్లాడుకుని "భూకంపం గురించి" అన్నారు. 2015 ఏప్రిల్ 25 భూకంపం శనివారం మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా వచ్చింది. సంఘాలు కూడి ఉన్న సమయం. ఆమెకు ఎవరు పోయారో, ఆ వాలు మీద ఏముండేదో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రార్థన చేశాను. దేవునికి అన్ని భాషలూ తెలుసు, ఆ నమ్మకం నాకుంది. కానీ ఆమె చెప్పుకున్నది నాకు. నేను వినలేకపోయాను. ఆ పది రోజుల్లో ఇలాంటివి ఎన్ని జారిపోయాయో.

మిషన్ అంటే మనవాళ్ళకు చెప్పడమే గుర్తుకొస్తుంది. పది రోజుల్లో మనం చెప్పేది ఎంత? ఆ ఊరి పాస్టర్‌గారు మనకంటే బాగా చెప్తారు. దూరం నుంచి వచ్చినవాళ్ళు కూర్చుని వినడమే వాళ్ళకు కొత్త. వినాలంటే భాష రావాలి. మన ఒంగోలు చరిత్ర చూడండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు 1865లో నెల్లూరు చేరి, మరుసటి ఏడాది ఒంగోలు వచ్చి, తెలుగు నేర్చుకుని పల్లెపల్లెకూ తిరిగారు. ఆయన ముందు నడిచింది ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మన మనుషులు. ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1903లో తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ తరఫున జాన్ రంగయ్యగారు దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు ఓడెక్కి పోయారు. తోటల్లో కూలికి పోయిన తెలుగువాళ్ళ మధ్య ఆయన తెలుగులోనే పని చేశారు. 1915లో అక్కడే కన్నుమూశారు. బయటి దేశానికి మనవాళ్ళు మిషనరీని పంపడం నిన్న మొన్న మొదలైంది కాదు. పంపినప్పుడు భాష తెలిసిన చోటుకే పంపారు.

ఇప్పుడు శ్రీలంక. అక్కడి మధ్య కొండల్లో హాటన్ అనే ఊరి చుట్టుపక్కల తేయాకు తోటల్లో ఉండేది తమిళులు. బ్రిటిష్‌వాళ్ళు తమిళనాడు నుంచి కూలీలుగా తీసుకుపోయినవాళ్ళ వారసులు. 1948లో స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే పౌరసత్వం పోగొట్టుకున్నారు. ఆ సమస్య పూర్తిగా తీర్చే చట్టం 2003లో గానీ రాలేదు. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో సూళ్ళూరుపేట, తడ వైపు ఇళ్ళలో తమిళం మాట్లాడేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. మా టీమ్‌లో తడ అక్క ఒకావిడ ఉంది. కూడికల్లో ఎప్పుడూ నోరు తెరవదు, పాటలు పాడి కూర్చుంటుంది. హాటన్ దగ్గర ఒక లైన్ ఇంట్లో, వరసగా ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఒంటిగది ఇళ్ళవి, ఆకు కోసి అప్పుడే వచ్చిన ఒకావిడ గడప మీద బీన్స్ ముందేసుకుని కూర్చుంది. అక్క కూడా పక్కన చతికిలబడి ఈనెలు తీయడం మొదలుపెట్టింది. ఆవిడ వేళ్ళ సందుల్లో ఆకు మరక నల్లగా పట్టేసి ఉంది. అక్క ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మా వైపు పొగాకు గ్రేడింగ్‌కి పోయే ఆడవాళ్ళ చేతులూ ఇలాగే ఉంటాయని చెప్పింది. అంతే, ఇక ఆవిడ ఆగలేదు. కొలంబోలో ఇంటిపనికి పోయిన కూతురు, పెద్దపండక్కి రాని అల్లుడు, నెలాఖరుకు తూకంలో తగ్గిన కిలోలు. గంటసేపయ్యాక అక్క ఆ కూతురి పేరు పెట్టి ప్రార్థన చేసింది. నేను వాకిట్లో నిలబడి చూశాను. నేపాల్‌లో నా పది రోజుల పని కంటే ఆ గంట బరువైనదని మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

తమిళం రానివాళ్ళకు కూడా ఒక దారి ఉంది. శ్రీలంకలో అహికుంటక అనే సంచార జాతి ఉంది. పాములాడించడం, చెయ్యి చూసి జోస్యం చెప్పడం పాత వృత్తులు. వాళ్ళ ఇంటి భాష తెలుగు! అనురాధపుర జిల్లాలో కుడాగమ, తూర్పున అలిగంబె లాంటి ఊళ్ళలో స్థిరపడ్డారు. వాళ్ళలో క్రైస్తవులు చాలామందే ఉన్నారు. కుడాగమలో ఒక పెద్దామె మాట్లాడుతుంటే మొదట ఏమీ అర్థం కాలేదు. యాస వేరు, మధ్యలో సింహళం. ఉన్నట్టుండి "నీళ్ళు" అన్న మాట చెవిన పడింది. మా పిల్లలంతా ఒక్కసారి తలలెత్తారు. ఆమె చెంబు అందించింది. పిల్లలు మాత్రం ఇప్పుడు ఎక్కువగా సింహళమే మాట్లాడుతున్నారు, ఈ మాట ఇంకెన్నాళ్ళు నిలుస్తుందో.

నేపాల్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అక్కడి సంఘం బయటివాళ్ళ డబ్బుతో కాక, ఎక్కువగా నేపాలీల సాక్ష్యంతోనే పెరిగింది. దాన్ని కళ్ళారా చూడటం మన పిల్లలకు మంచిది. మీ టీమ్‌లో హిందీ ధారాళంగా వచ్చినవాళ్ళు ముగ్గురు నలుగురు ఉంటే, కొండల మీదికి కాకుండా మన దేశ సరిహద్దు వెంట ఉండే తరాయి మైదానానికి పోతే, నా అభ్యంతరం సగం తగ్గుతుంది. ఇంగ్లీషు మీద ఆధారపడి పోయే టీమ్‌కి మాత్రం వద్దంటాను.

కెన్యా, ఉగాండా అడిగేవాళ్ళు ఉన్నారు. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, చెన్నై గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. విమానం ఖర్చుకే రెండు శ్రీలంక ట్రిప్పులు అవుతాయి. భూటాన్‌లో మనకు రాత్రికి 1,200 రూపాయల ఫీజు, సువార్త పనికి వీలు లేదు. యెరూషలేము యాత్ర మంచిదే, కాకపోతే అది యాత్ర, మిషన్ కాదు.

ఎక్కడికి పోయినా రెండు విషయాలు. ఒకటి, పంచిపెట్టడానికి బట్టలు, చాక్లెట్లు మోసుకుపోకండి. 1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ పని నడుస్తున్నంతకాలం ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని. పనులు అయిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన తాతముత్తాతల పేర్లు ఆ లెక్కలో ఉన్నాయి. మనకు ఆయన చూపిన జాగ్రత్తే మనమూ ఇంకొకరికి చూపాలి.

రెండు, వేళ. నా చిన్నప్పుడు టంగుటూరు దగ్గర మా ఊరికి విదేశీ టీమ్ వస్తే పగలు పదకొండుకి కూడిక పెట్టేవాళ్ళు. పొగాకు గ్రేడింగ్ సీజన్ అది. మా అమ్మావాళ్ళు రెండు రోజులు కూలి పోగొట్టుకుని కూర్చున్నారు. వచ్చినవాళ్ళు మంచివాళ్ళే, వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తేయాకు తోటల్లో కోసిన ఆకు తూకం తగ్గితే కూలీ తగ్గుతుంది, కాబట్టి సాయంత్రం నాలుగున్నర దాటేదాకా మేము లైన్ల వైపు పోలేదు. మీరూ పోవద్దు.

తడ అక్క ఫోన్‌కి ఇప్పటికీ ఆదివారం రాత్రిళ్ళు హాటన్ నుంచి వాట్సాప్ కాల్ వస్తుంది. ఈ ఆగస్టులో మళ్ళీ అక్కడికే పోతున్నాం, అవే ఇళ్ళకు, ఆరుగురమే. తమిళం మాట్లాడేవాళ్ళు ఇంకో ఇద్దరు కావాలి. మీ సంఘంలో వెనక వరసలో కూర్చునే అలాంటి అక్క ఎవరైనా ఉంటే, ముందు ఆమెకు పాస్‌పోర్ట్ ఉందో లేదో కనుక్కోండి.