రెండు లీటర్ల గ్రైండర్, ఇంటెడు అభిప్రాయాలు

మేం చికాగో సబర్బ్స్‌లో ఉంటాం, నేపర్‌విల్ వైపు. ఇక్కడ తెలుగు వాళ్ళకీ కొదవలేదు, ఇడ్లీ పిండికీ కొదవలేదు, ఏ ఇండియన్ స్టోర్‌కెళ్ళినా ఫ్రిజ్‌లో డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. మరి 200 డాలర్లు దాటి పెట్టి గ్రైండర్ ఎందుకే అని మా చెల్లి కూడా అడిగింది. ఆ డబ్బా పిండి తెచ్చిన పూట బానే ఉంటుంది, మర్నాటికి పళ్ళు పులిసేంత పులుపు, పైగా ఇడ్లీకీ దోశకీ ఒకటే పిండి అంటాడు. అలా ఎలా కుదురుతుందండీ?

నేను కొన్నది డ్రమ్ వంచి పిండి తీసుకునే టేబుల్‌టాప్ టిల్టింగ్ రకం, 2 లీటర్లది, 110 వోల్టులది. ఈ వోల్టుల సంగతి ముందే చెప్తా, ఎందుకంటే ప్రతి గ్రూపులోనూ ఎవరో ఒకరు ఇండియా గ్రైండర్ తెచ్చుకుని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చా అని అడుగుతూనే ఉంటారు. ఇక్కడ కరెంటు 120 వోల్టులు (110 వోల్టులదని అమ్మేది దీనికే), 60 హెర్ట్జ్. మన దగ్గర 230, 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులైతే మారుస్తుంది గానీ హెర్ట్జ్ జోలికి పోదు, గ్రైండర్‌లో ఉండేది మామూలుగా ఇండక్షన్ మోటారు కాబట్టి దాని స్పీడు హెర్ట్జ్‌ని బట్టే ఉంటుంది, అంటే మన దగ్గరకంటే దాదాపు అయిదో వంతు ఎక్కువ స్పీడులో తిరుగుతుందన్నమాట. దానికి తోడు ఆ ట్రాన్స్‌ఫార్మర్ బరువొకటి. సూట్‌కేసులో ఇచ్చే 23 కేజీలు రాళ్ళకి ఖర్చుపెట్టకుండా ఆవకాయకీ సున్నుండలకీ ఉంచుకోండి, 110 వోల్టులది ఇక్కడే కొనేసుకోండి.

రుబ్బడం విషయంలో వంక పెట్టడానికి లేదు. మిక్సీలో మినప్పప్పు వేడెక్కిపోతుంది, ఐస్ ముక్కలు వేసినా అంతంతమాత్రమే. ఇందులో అరగంట తిరిగితే పిండి తెల్లగా పొంగి డ్రమ్ అంచుదాకా వస్తుంది. మాది ఆంధ్రా ఇడ్లీ కాబట్టి రుబ్బేది మినపగుళ్ళు మాత్రమే, గ్లాసుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి నీళ్ళు పిండేసి కలుపుతాం. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చిన మొదటి వారమే దీనికి పరీక్ష పెట్టారు, గిన్నెలో నీళ్ళు పోసి అందులో చిటికెడు పిండి వేశారు, అది తేలింది. "పర్లేదు అమ్మాయ్, రాయి మంచిదే" అన్నారు. ఆ తర్వాత రేటు అడిగారు. మా ఆయన తగ్గించి చెప్పబోయేలోపు మా పాప డాలర్లలో చెప్పేసింది, ఆవిడ మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని ఆ పూటంతా గ్రైండర్ వైపు చూడలేదు.

అసలు కష్టం రుబ్బాక మొదలవుతుంది, పిండి పులవాలి కదా. జనవరిలో బయట సున్నా కిందకి పోతుంది, ఇంట్లో హీటర్ వేసినా వంటింటి గట్టు మీద పెట్టిన పిండి రెండో రోజుకి కూడా పెట్టినట్టే ఉంటుంది. ఇక్కడ అందరూ చేసేదే మేమూ చేస్తాం, ఓవెన్ వెయ్యకుండా లోపల లైటు మాత్రం వేసి గిన్నె అందులో పెట్టేస్తాం, ఆ బల్బు వేడి సరిపోతుంది. ఇప్పుడు కొన్ని ఓవెన్లలో వస్తున్న ఎల్ఈడీ లైటు అయితే వేడి రాదు, చూసుకోండి. మా హైస్కూల్ పుత్రరత్నం ఒకరోజు రాత్రి ఫ్రోజెన్ పిజ్జా కోసం ఓవెన్‌ని 400 డిగ్రీలకి పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని పైకి వెళ్ళిపోయాడు. లోపల మూడు లీటర్ల పిండి, దాని మీద ప్లాస్టిక్ మూత. స్మోక్ అలారం మోగేసరికి అత్తగారు నిద్రలోంచి లేచొచ్చి అమెజాన్ అట్టపెట్టె చింపి దాని కింద విసరడం మొదలుపెట్టారు, దోశలు వేసే రోజుల్లో ఆవిడకి ఆ డ్యూటీ అలవాటే లెండి. వాడేమో కిందకొచ్చి "ఓవెన్‌లో ఫుడ్ ఎవరు పెడతారు?" అని అడిగాడు. అప్పట్నుంచి ఓవెన్ బటన్ల మీద "లోపల పిండి ఉంది" అని చీటీ ఉంటుంది, వాడికి తెలుగు చదవడం రాదు కాబట్టి కింద ఇడ్లీ బొమ్మ కూడా వేశాం. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్‌లో పెరుగు తోడుపెట్టే యోగర్ట్ మోడ్ కూడా పనిచేస్తుంది, కాకపోతే దాని మూత బిగించకండి, మామూలు గాజు మూత పెట్టండి, పొంగితే వాల్వ్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది.

సౌండు తక్కువే అని కంపెనీవాళ్ళు రాశారు, మిక్సీతో పోలిస్తే నిజమే. మా ఆయన ఇంట్లోంచే పని, పైగా ఆఫీసు రూమనేది పేరుకే, వంటింటి పక్కనే బల్ల. మిక్సీ వేస్తే మీటింగ్ ఆగిపోయేది, గ్రైండర్ వేస్తే వాళ్ళ మేనేజర్ మీ వాషింగ్ మెషిన్ మంచి కండిషన్‌లో ఉన్నట్టుందే అన్నాడట. ఈయన అవునన్నారు.

ఇంకో సంగతి ఎవరూ రివ్యూల్లో రాయరు. గ్రైండర్ ఉన్న ఇంటికి చుట్టరికాలు పెరుగుతాయి. మా వీధిలో నాలుగు తెలుగు కుటుంబాలు, శుక్రవారం రాత్రి రుబ్బితే శనివారానికి కాస్ట్‌కో పెరుగు డబ్బాల్లో పిండి బయల్దేరుతుంది, ఆ డబ్బాలు ఊరికే తిరిగి రాకూడదు కదా, ఒకదాంట్లో గోంగూర పచ్చడి, ఒకదాంట్లో పులిహోర వస్తాయి. మా ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా తీస్తే పెరుగు తప్ప అన్నీ ఉంటాయి. పాప ఒకసారి స్మూతీలో రెండు గరిటెలు ఇడ్లీ పిండి వేసుకుని తాగేసింది, కొంచెం పుల్లగా ఉందంది అంతే.

ఇక మైనస్‌లు. కడగడం చాకిరీ, రాళ్ళ సందుల్లో పిండి ఎండితే గోకుతూ కూర్చోవాలి, రుబ్బడం అవ్వగానే కొంచెం నీళ్ళు పోసి ఒక్క నిమిషం తిప్పేస్తే సగం పని తగ్గుతుంది, ఆ నీళ్ళు పారబొయ్యకండి, పిండిలోకే పోసుకోవచ్చు. బరువు బాగా ఎక్కువ, పెట్టినచోటు నుంచి కదపలేం, కాబట్టి కాఫీ మెషిన్ బేస్‌మెంట్‌కి పోయింది, మా ఆయనకి అదో బాధ. వంచే లాక్ మాత్రం నాసిరకం, ఏడాది తిరక్కుండానే వదులైపోయింది.

వారంటీ గురించైతే నవ్వాలో ఏడవాలో తెలీదు. రిజిస్టర్ చేద్దామంటే కంపెనీ పేజీ ఆరంకెల పిన్‌కోడ్ ఇవ్వందే ముందుకి కదలదు, మా జిప్ కోడ్‌కి ఉన్నవే అయిదంకెలు. ముందు సున్నా పెట్టినా ఒప్పుకోలేదు. చివరికి మా ఆయన విసుగొచ్చి తెనాలి అడ్రస్, అక్కడి ఫోన్ నంబరు కొట్టేశారు. రికార్డుల ప్రకారం మా గ్రైండర్ తెనాలిలో ఉంటోంది.

నా లెక్కలో 5కి 4 స్టార్లు, ఆ ఒక్కటీ లాక్‌కి కోసేశా. నలుగురున్న ఇల్లైతే, వారానికోసారైనా ఇడ్లీయో దోశో పడాల్సిందే అనుకుంటే కొనండి, ఇద్దరే ఉంటే మాత్రం డబ్బా పిండితో సర్దుకోండి.

లాక్ గురించి కంప్లయింట్ కూడా పెట్టాం, మొన్న సర్వీస్ అబ్బాయి తెనాలికి ఫోన్ చేశాడట. చలికి నేను రాను బాబోయ్ అని మావయ్యగారు అక్కడే ఉండిపోయారు, ఆయనే ఎత్తారు. రేపు పదింటికి వచ్చి గ్రైండర్ చూస్తాం సార్, ఇంట్లోనే ఉంటారా అన్నాడట. తప్పకుండా రమ్మన్నారట మావయ్యగారు, గ్రైండర్ అమెరికాలో ఉంది గానీ ఇక్కడ మిక్సీ కూడా సరిగ్గా తిరగట్లేదు, అది చూసి పొమ్మన్నారట.