ఫేస్‌స్క్రబ్‌లో ప్లాస్టిక్ పూసలకు బదులు ఏది మేలు?

పాలీఎథిలీన్ అనే ప్లాస్టిక్ పూస ఏ ఫార్ములాలో వేసినా పేచీ పెట్టేది కాదు. గుండ్రం, నునుపు, వేడికి సాగదు, రంగు దిగదు. సింకులోంచి బయటపడ్డాక కూడా అంతే మొండిగా ఉండిపోతుంది కాబట్టే దాన్ని ఆపడానికి 2015లో అమెరికా చట్టం చేసింది, 2023లో ఐరోపా సమాఖ్య నిబంధన తెచ్చింది. బదులుగా వచ్చిన ప్రతి సరుకుకూ ఏదో ఒక పట్టింపు ఉంది.

ముఖానికైతే మైనం పూసలే మేలు. జొజోబా, ఆముదం మైనం, తవుడు మైనం ఏదైనా గుండ్రంగా ఉంటుంది, చర్మాన్ని గీరదు. చిక్కు వేడితోనే. జొజోబా పూస 70 డిగ్రీల దరిదాపుల్లో కరిగిపోతుంది, ఆముదం మైనం 85 దాకా ఓర్చుకుంటుంది. ఏదైనా సరే బేస్ (పూసలు కలిపే క్రీము లేదా జెల్) 40 డిగ్రీలకు దిగాకే, నెమ్మదిగా తిరిగే తెడ్డుతో కలపాలి. హోమోజినైజర్ (అతి వేగంగా తిరిగి నలిపే మిక్సర్) పెట్టారా, పూసలు పిండే. 150–300 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు తీసుకుని 3 శాతంతో మొదలుపెట్టండి. బేస్‌లో నూనె ఎక్కువుంటే పూస దాన్ని పీల్చుకుని మెత్తబడుతుంది. ఒక సీసాను 45 డిగ్రీల్లో నెల రోజులుంచి, చిటికెడు తీసి తడివేళ్ల మధ్య నలపండి. గింజ తగలకుండా వెన్నలా జారిపోతే ఆ బేస్ పనికిరాదు.

మైనం నీళ్లకన్నా తేలిక, పైకి తేలుతుంది. మొక్కల పీచుతో చేసే సెల్యులోజ్ పూస బరువు, అడుక్కి దిగుతుంది. చిక్కదనం పెంచితే ఈ కదలిక నెమ్మదిస్తుందే గానీ ఆగదు. పూసను ఉన్నచోటే పట్టి ఉంచే జెల్ కావాలి. చిక్కబరిచే జిగురు క్జాంథన్ గమ్ 0.5 శాతం దగ్గర మొదలుపెట్టి చూడండి. జెల్ కట్టే కృత్రిమ పాలిమర్ కార్బోమర్ బాగా పట్టుకుంటుంది కానీ ఉప్పు తగిలితే నీరుగారిపోతుంది, నురుగు బేస్‌లలో ఉప్పుకి కొదవుండదు.

సెల్యులోజ్ పూస నీళ్లలో నాని మెత్తబడుతుంది. సున్నితమైన చర్మానికి అదే లాభం, గరుకు కోరేవాళ్లకు అదే లోటు. సరఫరాదారు ‘సెల్యులోజ్ ఎసిటేట్’ అంటే మాత్రం ఆగండి. అది రసాయనంతో మార్చిన సెల్యులోజ్, అందులో చేర్చిన ఎసిటైల్ శాతం పెరిగేకొద్దీ అది కుళ్లడం నెమ్మదిస్తుంది.

వాల్‌నట్ పెంకు, ఆప్రికాట్ టెంక పొడులు చవకే. భూతద్దం కింద చూస్తే పగిలిన గాజుపెంకుల్లా అంచులు కనిపిస్తాయి. మడమలకు పరవాలేదు, ముఖానికి వద్దు. సూక్ష్మజీవులను చంపి శుద్ధి చేసిన పొడే కొనాలి. ప్రిజర్వేటివ్‌ను (సరుకు పాడవకుండా కలిపే మందును) కొంత ఈ పొడే పీల్చుకుంటుంది కాబట్టి సూక్ష్మజీవుల పరీక్ష పొడి కలిపిన సరుకు మీదే చేయించాలి, ఉత్త బేస్ మీద కాదు. వాల్‌నట్ అయితే అలర్జీ హెచ్చరిక కూడా వేయాలి.

ప్యూమిస్ (అగ్నిపర్వతపు నురగరాయి) కుళ్లదు, అది రాయి గనక కుళ్లనక్కర్లేదు. కాకపోతే నింపే యంత్రం పంపు సీళ్లను అరగదీస్తుంది. చక్కెర, ఉప్పు నీళ్లు లేని నూనె బేస్‌లకే.

అందరూ బోల్తాపడేది పీఎల్ఏ (పాలీలాక్టిక్ యాసిడ్ అనే మొక్కల ప్లాస్టిక్) దగ్గర. మొక్కజొన్న నుంచి వచ్చిందని మురిసిపోతాం. అది త్వరగా కుళ్లేది 60 డిగ్రీల దాకా వేడెక్కే పారిశ్రామిక కంపోస్టులోనే. చల్లటి సముద్రపు నీటిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. అక్కడ బ్యాక్టీరియా తయారుచేసే ప్లాస్టిక్ పీహెచ్ఏ నయం, సముద్రపు బ్యాక్టీరియా దాన్ని తినగలదు. ఖరీదు ఎక్కువ. ఏ పాలిమర్ పూస కొన్నా ఓఈసీడీ 301బి లేదా 301ఎఫ్ (సరుకు ఎంత త్వరగా కుళ్లుతుందో తేల్చే అంతర్జాతీయ పరీక్షలు) నివేదిక అడగండి: 28 రోజుల్లో కుళ్లడం 60 శాతం దాటాలి. దాని బదులు కంపోస్టు సర్టిఫికెట్ చేతికిస్తే ఆ పూస తీసుకోకండి.