ఎండాకాలం కొండెక్కడం: తెల్లవారుజామునా, మధ్యాహ్నమా?

పాడేరు, అరకు వైపు ఏప్రిల్, మే నెలల్లో ట్రెక్ అంటే పిడుగుల టెన్షన్ ఉండనే ఉంటుంది. పొద్దంతా ఎండకు నేల కాగి, వేడిగాలి పైకి లేచి, మధ్యాహ్నం దాటాక ఉరుములు, పిడుగులు తెచ్చే క్యుములోనింబస్ మబ్బులు కమ్ముకొస్తాయి.

ఖర్చు: తెల్లవారుజామునైతే ముందురోజు రాత్రి బస అద్దె పడుతుంది. మధ్యాహ్నమైతే అది మిగులుతుంది.

శ్రమ: ఒకటి నిద్ర చెడగొడుతుంది, రెండోది ఎండలో నాలుక పిడచకట్టేలా చేస్తుంది.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. పదింటికల్లా దిగిపోతే చాలాసార్లు ఉరుము కూడా వినం. మధ్యాహ్నం బయల్దేరినవాళ్లు శిఖరం చేరే వేళకే మబ్బు పడుతుంది. ఉరుము వినిపించిందంటే పిడుగు మనదాకా రాగలిగే దూరంలో ఉన్నట్టే. చెట్టు కింద నిలబడొద్దు. గుడారం, నాలుగువైపులా తెరిచి ఉన్న షెడ్డు కాపాడవు. పక్కా భవనంలోకో, లేదంటే అద్దాలు ఎత్తిన కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు అక్కడే ఉండాలి. పిడుగుల గురించి ముందే హెచ్చరించే దామిని యాప్ మంచిదే, కొండమీద సిగ్నల్ ఉంటే కదా!

శిఖరం దాకా వెళ్లాలన్నా, వెంట పిల్లలున్నా తెల్లవారుజామే. మధ్యాహ్నం తప్ప కుదరదంటే పైకి వద్దు, కారుకు దగ్గర్లోనే కిందిదారుల్లో తిరగండి.